గెడ్డ మీది ఇనుప వంతెనకు జింక్: ముంచాలా, చల్లాలా, పూయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. ఒడిశాలో గుణుపూర్ దగ్గర మీ ఊరి గెడ్డ (వాగు) మీద 24 మీటర్ల ఇనుప నడక వంతెన ఉంది. ఆరేసి మీటర్ల ముక్కలు నాలుగు బోల్టులతో కలిపి కట్టినది. యాంగిళ్ల ట్రస్సు, పైన చెకర్డ్ ప్లేటు, పక్కన పైపు రెయిలింగు. మొదట్లో రెడ్ ఆక్సైడ్ కొట్టి వెండిరంగు వేశారు. ఇప్పుడు అడుగు యాంగిళ్లు పెచ్చులు పెచ్చులుగా రాలుతున్నాయి. పంచాయతీ కొంత డబ్బు పెడతానంది. ఒక కాంట్రాక్టరు వైర్ బ్రష్ కొట్టి 'జింక్ ప్రైమర్' వేస్తానంటున్నాడు. ఇంకొకతను విప్పి గాల్వనైజింగ్‌కి పంపుదామంటున్నాడు. సముద్రపు ఒడ్డున గోపాల్‌పూర్‌లో ఉన్న మీ బంధువేమో తన ఇంటి జీఐ రేకులు నాలుగేళ్లకే తుప్పెక్కాయి, జింక్ దండగ అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

విప్పడానికి వీలున్న వంతెన కాబట్టి రెండో అతని మాట వినండి. ముక్కలు విప్పి లారీ ఎక్కించి కరిగిన జింకులో ముంచించండి. ఖర్చు చూస్తే మొదట గుండె ఝల్లుమంటుంది. కానీ గెడ్డ మీద పరంజా కట్టి మూడు నాలుగేళ్లకోసారి రంగు వేయించే ఖర్చు పక్కన పెట్టి చూడండి. అయితే పంపే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి వదిలేస్తే తొట్టి దగ్గర గొడవ తప్పదు. వాటికి వస్తాను. ముందు మీ బంధువు అన్న మాట తేలుద్దాం, అసలు లెక్కంతా అందులోనే ఉంది.

ఆయన చూసింది నిజమే. బజార్లో దొరికే చవక జీఐ రేకును 120 గ్రాముల రేకు అంటారు. అంటే చదరపు మీటరు రేకు మీద రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింక్. జింక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.14 గ్రాములు. లెక్క కడితే ఒక్కో వైపు ఎనిమిదిన్నర మైక్రాన్ల లోపే వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఏ చోటి గాలి లోహాన్ని ఎంత తింటుందో బట్టి ఐఎస్ఓ 9223 ప్రమాణం తరగతులు కడుతుంది, అంకె పెరిగేకొద్దీ తుప్పు ఎక్కువ. ఉప్పుగాలి బాగా తగిలే తీరాన్ని సీ5 తరగతి కింద వేస్తుంది. అక్కడ జింక్ ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్ల దాకా అరుగుతుంది. అంటే ఆ పూత ఏడాదికో రెండేళ్లకో ఖాళీ. ఆ తర్వాత ఎర్ర తుప్పు రాక ఏం వస్తుంది? ఆయన రేకు నాలుగేళ్లు నిలిచిందంటే ఇల్లు ఒడ్డుకు కాస్త ఎడంగానే ఉండుండాలి.

తయారైన ట్రస్సును తీసుకెళ్లి 450 డిగ్రీల వేడి మీదున్న జింకులో ముంచడం వేరే సంగతి. 5 మి.మీ., ఆపై మందమున్న ఉక్కుకు ఐఎస్ 4759 ప్రమాణం చదరపు మీటరుకు 610 గ్రాములు అడుగుతుంది. ఇది రెండు వైపులా కలిపి కాదు, ప్రతి ముఖానికీ. మందంలో చెప్పాలంటే 85 మైక్రాన్లు, ఆ రేకు మీదున్నదానికి పది రెట్లు. గుణుపూర్ సముద్రానికి దూరం, మీరు చెప్పినదాన్ని బట్టి దగ్గర్లో పొగ గొట్టాలేవీ లేవు. నేనైతే సీ2కీ సీ3కీ మధ్యలో వేస్తాను. సీ3లో గట్టి అంకె, ఏడాదికి 2.1 మైక్రాన్లు, తీసుకున్నా 85 మైక్రాన్లకు 40 ఏళ్లు. అదే గాలిలో ఒట్టి ఉక్కు మొదటి ఏడాదే 25 నుంచి 50 మైక్రాన్లు పోగొట్టుకుంటుంది. కాబట్టి జింక్ వేశారా లేదా అని అడిగితే చాలదు, ఎన్ని గ్రాములు వేశారని అడగాలి. మందం రెట్టింపైతే ఏళ్లూ రెట్టింపే. రంగులకు ఇంత సూటి లెక్క ఉండదు.

ఇంకో సంగతి. రంగు ఉక్కును కప్పుతుంది, అంతవరకే దాని పని. జింక్ కప్పడంతో పాటు తడి తగిలినప్పుడల్లా తాను కరుగుతూ ఉక్కును కరగనివ్వదు. ఇనుము ప్రమాణ విభవం (ఇది ఎంత కిందికి ఉంటే లోహం అంత తేలిగ్గా కరుగుతుంది) మైనస్ 0.44 వోల్టులు, జింకుది మైనస్ 0.76. రెండూ ఒకదాన్నొకటి తాకుతూ తడిలో ఉంటే ఎప్పుడూ జింకే ముందు పోతుంది. అందుకే జింక్ పూత మీద గీత పడి ఉక్కు బయటపడినా, ఆ గీత కొద్ది మిల్లీమీటర్ల వెడల్పు దాటనంత వరకు అక్కడ తుప్పు పట్టదు. రంగు మీద గీత పడితే తుప్పు అక్కడ మొదలై పూత అడుగునే పాక్కుంటూ పోతుంది. కానీ ఈ కాపలాకు ఒక షరతుంది. జింక్ ఉక్కును నేరుగా తాకి ఉండాలి. మధ్యలో పాత రంగు, తుప్పు పొర, మిల్ స్కేలు (కొత్త ఉక్కు మీద ఉండే నల్ల పెచ్చు), నూనె జిడ్డు, ఏది మిగిలినా కరెంటు పారదు. అప్పుడది బూడిదరంగు పూతే తప్ప జింక్ చేసే పని చేయదు.

మొదటి కాంట్రాక్టరు చెప్పేది ఇక్కడే వీగిపోతుంది. వైర్ బ్రష్ తుప్పును తీయదు, నున్నగా మెరుగు పెడుతుంది. పైగా అతను 'జింక్ ప్రైమర్' అంటున్నది ఏమిటో డబ్బా చూసి తెలుసుకోండి. మన వైపు దుకాణాల్లో ఆ పేరుతో ఎక్కువగా అమ్మేది జింక్ క్రోమ్ గానీ జింక్ ఫాస్ఫేట్ గానీ. రెండింటిలోనూ ఉన్నది జింక్ లవణం, లోహం కాదు. ఇందాక చెప్పిన వోల్టుల లెక్క వాటికి వర్తించదు. తుప్పును కాస్త ఆపుతాయి, ఇంటి గ్రిల్లుకు చాలు. జింక్ క్రోమ్‌లో ఉండే క్రోమియం ఊపిరితిత్తులకు మంచిది కాదు. మీ వంతెన పాత రంగులో కూడా అది ఉండొచ్చు, కొన్ని పాత పనుల్లో సీసపు సింధూరం కూడా వాడారు. కాబట్టి పొడిగా గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ పొడి గెడ్డలో పడకుండా కింద టార్పాలిన్ కట్టాలి.

లోహపు జింక్ ఉన్న ప్రైమర్ వేరే ఉంది, దాన్ని జింక్ రిచ్ అంటారు. ఐఎస్ఓ 12944 ప్రకారం ఆరిన పొరలో బరువు మీద కనీసం 80 శాతం జింక్ పొడి ఉంటేనే ఆ పేరుకు అర్హత. రేణువుకు రేణువు తగులుతూ ఉక్కు దాకా కరెంటు పారాలంటే అంత ఉండాలి. దీన్ని వాడేటప్పుడు జరిగే మోసం, నిజానికి మోసం కూడా కాదు బద్ధకం, దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది. డబ్బా మూత తీయగానే పైన పలచటి ద్రవం తేలుతుంది. జింక్ బరువు కాబట్టి అడుక్కి దిగి గట్టిపడి ఉంటుంది. పెయింటరు కర్రతో నాలుగు తిప్పులు తిప్పి పైది పైదే ఒంపుకుంటాడు. ఉక్కు మీద రంగు బాగానే కనిపిస్తుంది. సాయంత్రానికి డబ్బా అడుగున వేలుపెట్టి చూడండి, మీరు డబ్బు పోసి కొన్న జింకంతా ముద్దగా అక్కడే ఉంటుంది. మోటారు కలుపుడు కర్రతో వేస్తున్నంతసేపూ తిప్పుతూనే ఉండాలి. రెండు డబ్బాల ఎపాక్సీ జింక్ రిచ్ మన కుర్రాళ్లు వాడగలరు. ఇథైల్ సిలికేట్ రకం ఇంకా గట్టిది గానీ అది గాలిలో తేమ పీల్చుకుని గట్టిపడుతుంది. రాయగడ వైపు ఏప్రిల్, మే మధ్యాహ్నాల పొడి గాలిలో వేస్తే పైకి ఆరినట్టు ఉండి లోపల పచ్చిగా మిగులుతుంది. దాని మీద తొందరపడి పై రంగు వేస్తే మొత్తం ఊడి వస్తుంది. తేమ కొలిచే మనిషి లేని చోట దాన్ని తేవొద్దు.

ఏ జింకైనా, పూసినా చల్లినా, కింద ఉక్కు బ్లాస్టింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి, తెల్లబడాలి. ఎస్ఏ 2.5 స్థాయి అంటారు, తుప్పు గానీ రంగు గానీ నీడలా తప్ప కనపడకూడదు, చేత్తో తడిమితే గరుకు తగలాలి. మా గంజాం జిల్లా వైపు ఇసుకకు కొదవలేదని సముద్రపు ఇసుకతో కానిచ్చేసేవాళ్లున్నారు. అందులో ఉప్పు ఉంటుంది. ఉక్కు గుంటల్లోకి ఉప్పు దట్టించి పైన పూత వేయడమంటే తుప్పుకు విత్తనం నాటడమే. మంచి ఇసుకైనా పొడిగా కొడితే ఆ సిలికా దుమ్ముతో కుర్రాళ్ల ఊపిరితిత్తులు పోతాయి, సిలికోసిస్‌కు మందు లేదు. రాగి స్లాగ్ గానీ గార్నెట్ గానీ వాడమనండి. గార్నెట్ ఎక్కడో దొరికేది కాదు, ఛత్రపూర్‌లో ఐఆర్ఈఎల్ వాళ్లు తీరపు ఇసుక నుంచి ఇల్మెనైట్, జిర్కాన్‌తో పాటు తీసేదే. ఇంకోటి, ఉక్కు వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పుడే పూత మొదలుపెట్టాలి. గెడ్డ పక్కన చలికాలం పొద్దున్న తొమ్మిదింటిదాకా ఇనుము చెమర్చి ఉంటుంది, కంటికి పొడిగా కనిపించినా నమ్మకండి.

ఇక ముంచడానికి పంపేవాళ్లు చేయాల్సినవి. అన్నిటికంటే ముందు మిగిలిన ఉక్కు ఎంతో కొలిపించండి. పెచ్చులు సుత్తితో రాల్చి, అల్ట్రాసోనిక్ గేజ్ పెట్టి అడుగు యాంగిళ్లను మూడు నాలుగు చోట్ల చూడాలి. నాలుగో వంతు మించి తినేసిన ముక్కను నేనైతే ఉంచను. కచ్చితంగా ఏది ఉండొచ్చో మీ జేఈ (జూనియర్ ఇంజనీరు) బరువుల లెక్క చూసి చెప్పాలి. ప్రాణం పోయిన యాంగిల్‌కు జింక్ పూయించడం వృథా. మార్చాల్సినవి ముంచక ముందే మార్చి వెల్డింగు పూర్తి చేయాలి. ముంచాక వెల్డింగు పెడితే ఆ చోట జింక్ కాలిపోతుంది, దాని పొగ పీల్చిన వెల్డరుకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే సరిపోతుందని మనవాళ్లు నమ్ముతారు, దానికి గాలి ఆడే చోటు, సరైన మాస్కు తప్ప మందు లేదు.

పాత రంగు మొత్తం తీసే పంపాలి. తొట్టికి ముందు ఆమ్లంలో పెడతారు గానీ ఆమ్లం తుప్పును తీస్తుంది, రంగును తీయదు. రంగు మిగిలిన చోట జింక్ అంటుకోక నల్ల మచ్చలు తేలుతాయి. మార్కింగుకు ఆయిల్ పెయింటు వాడినా ఇంతే.

మీ రెయిలింగు పైపుల సంగతి అసలు మర్చిపోకండి. రెండు చివరలా మూసి వెల్డు చేసిన పైపులో చిక్కుకున్న గాలి, చెమ్మ 450 డిగ్రీల జింకులో ఒక్కసారిగా వ్యాకోచించి పైపును పేల్చేస్తాయి. తొట్టి దగ్గర మనుషులు ఉంటారు. ప్రతి పైపుకూ రెండు చివరలా, వెల్డుకు దగ్గరగా కనీసం 10-12 మి.మీ. కన్నాలు వేయాలి. పైపు పెద్దదైతే కన్నమూ పెద్దదే. ఎటు వంచి ముంచుతారో అడిగి, జింక్ లోపలికి పోయి బయటికి కారే వైపున వేయండి. గసెట్ ప్లేటు (యాంగిళ్లను కలిపే అతుకు రేకు), యాంగిల్ ఒకదానిపై ఒకటి పరుచుకున్న చోట చుట్టూ వెల్డు మూసి ఉండాలి, లేకపోతే సందులో ఆమ్లం దాక్కుని ఆరు నెలల తర్వాత గోధుమరంగు చారలుగా కారుతుంది.

వంకర పోతుందన్న భయం కొంత నిజమే. పలచని ప్లేటు, మందపాటి యాంగిల్ కలిసి ఉన్నప్పుడు వేడికి ఒకటి ముందు సాగి ఒకటి వెనక సాగుతుంది. చెకర్డ్ ప్లేట్లను ట్రస్సు నుంచి విడదీసి వేరుగా ముంచితే ఆ బాధ చాలావరకు పోతుంది. ఆరు మీటర్ల ముక్క కాబట్టి ఒకే ముంపులో అయిపోవాలి. అయినా విశాఖకు పంపినా రాయపూర్‌కు పంపినా తొట్టి పొడవు, వెడల్పు, లోతు ఫోన్లో కనుక్కుని ట్రస్సు ఎత్తు పడుతుందా చూసుకునే లారీ మాట్లాడండి. తిరిగొచ్చిన ముక్కల్లో ఒకటి తళతళా, ఒకటి మట్టి బూడిదలా ఉంటే కంగారు పడకండి. ఉక్కులో సిలికాన్ కాస్త అటూఇటూ ఉంటే జింక్ ఉక్కుతో ఎక్కువగా కలిసి మందంగా, వన్నె లేకుండా వస్తుంది. చూపుకు బాగోదు, నిలవడానికి బాగానే ఉంటుంది, మరీ మందమై దెబ్బకు పెచ్చు లేవనంత వరకు.

బోల్టులు. వంతెనంతా ముంచి పాత నల్ల బోల్టులే బిగించిన పనులు చూశాను, మొదటి వర్షాకాలానికే ప్రతి బోల్టు కింద ఎర్ర కన్నీరు. బోల్టు, నట్టు, వాషరు అన్నీ వేడి జింకులో ముంచినవే కావాలి. తళుక్కుమనే ఎలక్ట్రోప్లేటింగ్ బోల్టు మీద ఉండేది కొద్ది మైక్రాన్లే. బోల్టు బలాన్ని చెప్పే గ్రేడుల్లో 8.8 నిశ్చింతగా వాడొచ్చు. 10.9 అయితే ఆమ్లం వల్ల హైడ్రోజన్ చేరి పెళుసెక్కకుండా తయారీలోనే జాగ్రత్త పడ్డవి, ముంచిన స్థితిలో కంపెనీ నుంచే వచ్చినవి కొనాలి, మీరు కొని మీరు ముంచించకూడదు. నట్టు మరను జింక్ మందానికి సరిపడా పెద్దది చేసి కోస్తారు, అందుకే బోల్టు ఒక చోట నట్టు ఒక చోట కొనొద్దు. మీ వంతెన అతుకులు ఘర్షణ మీద ఆధారపడేవైతే జేఈకి తప్పక చెప్పండి. ఐఎస్ 800 ప్రకారం బ్లాస్టింగ్ చేసిన ఉక్కు ముఖాల ఘర్షణ గుణకం 0.50, గాల్వనైజ్ చేశాక 0.10కి దిగుతుంది. చిన్న నడక వంతెనలు సాధారణంగా బోల్టు ఒరుసుకుని బరువు మోసే రకమే, అప్పుడు చింత లేదు.

తిరుగు ప్రయాణం జూన్ తర్వాత పెట్టుకోకండి. కొత్త జింక్ గాలిలోని బొగ్గుపులుసు వాయువు తీసుకుని, తడుస్తూ ఆరుతూ ఉంటేనే పైన గట్టి కార్బొనేట్ పొర కట్టుకుంటుంది. కొత్త ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి టార్పాలిన్ బిగించేస్తే లోపల నీళ్లున్నాయి, గాలి లేదు, తెల్లటి బూజులాంటి తుప్పు లేస్తుంది. మధ్య మధ్య చెక్క ముక్కలు పెట్టి కాస్త వాలుగా పేర్చితే చాలు.

ఒకవేళ జేఈ విప్పడానికి ఒప్పుకోలేదనుకోండి, లేదా ఇది చదివే వాళ్లెవరికైనా విప్పలేని పెద్ద గర్డరు ఉందనుకోండి, అప్పుడు జింక్ చల్లడమే దారి. జింక్ తీగను గన్‌లో కరిగించి గాలితో ఉక్కు మీదికి కొడతారు, మెటలైజింగ్ అంటారు. స్విట్జర్లాండ్ వాడు షూప్ వందేళ్ల కిందట మొదలుపెట్టిన పద్ధతి. 1964లో తెరిచిన స్కాట్లండ్ ఫోర్త్ రోడ్ వంతెన ఉక్కుకు ఇదే వేశారు. 100 నుంచి 150 మైక్రాన్లు, కావాలంటే ఇంకా మందం, పని చోటే వేసుకోవచ్చు. చిక్కేమిటంటే బ్లాస్టింగ్ అయిన నాలుగు గంటల్లోపు చల్లాలి, తేమ రోజుల్లో ఇంకా ముందే. పూతలో సన్న రంధ్రాలుంటాయి కాబట్టి పలచటి సీలరు కొట్టాలి. గన్ మూల లోపలికి దూరని గసెట్ సందుల్లో పూత సరిగా పడదు. మీ యాంగిళ్ల ట్రస్సు నిండా సందులే, అందుకే మీకు ముంచడమే మేలంటున్నాను.

ముంచాక పైన రంగు కావాలా? గుణుపూర్‌లో అక్కర్లేదు. గోపాల్‌పూర్, హుమ్మ ఉప్పు మళ్ల వైపు, ఋషికుల్య ముఖం దగ్గర అయితే కావాలి. సీ5లో 85 మైక్రాన్లకు పది నుంచి ఇరవై ఏళ్లే లెక్క, జింక్ మీద ఎపాక్సీ, దాని మీద పాలీయురిథేన్ వేస్తే రెండూ విడివిడిగా నిలిచే ఏళ్ల మొత్తం కంటే జోడీ ఎక్కువ నిలుస్తుంది. రంగు జింకును అరగనివ్వదు, జింక్ రంగు అడుగున తుప్పును పాకనివ్వదు. ఏం వేసినా మామూలు సింథటిక్ ఎనామిల్ మాత్రం నేరుగా జింక్ మీద వద్దు. ఎనామిల్‌లోని నూనె జింకుతో కలిసి సబ్బు అవుతుంది, ఏడాది రెండేళ్లలో రంగు రంగంతా అరటి తొక్కలా లేచి వస్తుంది. పంచాయతీ వాళ్లకు ప్రారంభోత్సవం రోజు ఆకుపచ్చో నీలమో రంగు కావాలనిపిస్తుంది. అప్పుడు ముందు తేలిగ్గా స్వీప్ బ్లాస్టింగ్, తర్వాత ఎపాక్సీ ప్రైమర్, ఆ పైనే రంగు. లేదంటే రెయిలింగుకు తోరణాలు కట్టుకోమనండి.

చివరికి మీ అడుగు యాంగిళ్లే ఎందుకు పోయాయో చూడండి, పై యాంగిళ్లు ఎందుకు పోలేదో కూడా. ఒకే రంగు, ఒకే వయసు. అడుగు యాంగిల్ రెక్క పైకి తిరిగి తొట్టిలా ఉంటే అందులో ఆకులు, మట్టి, మేకల పెంటికలు, పేడ చేరి జనవరిదాకా తడి ఆరదు. ఎప్పుడూ తడిగా, గాలి తగలకుండా ఉంటే జింకుకు ఆ రక్షణ పొర కట్టదు, నేను ఇందాక వేసిన 40 ఏళ్ల లెక్క అక్కడ చెల్లదు. ముంచక ముందే ఆ రెక్కల్లో మీటరుకో నీటి కన్నం వేయించండి, జేఈ చూపిన చోట. వీలుంటే యాంగిల్‌ను బోర్లా తిప్పించండి. చెకర్డ్ ప్లేటుకూ అంతే. స్తంభం కాంక్రీటులోకి దిగే చోట నీళ్లు నిలవకుండా కాంక్రీటును బయటికి వాలుగా చెక్కి, పైన ఒక అడుగు, కింద ఒక అడుగు ఎపాక్సీ కొట్టాలి. కిళ్లీ, గుట్కా ఉమ్ములు కూడా తేలిగ్గా తీసుకోవద్దు. హౌరా వంతెన హ్యాంగర్ల (వంతెనను వేలాడదీసే ఉక్కు కడ్డీల) మొదళ్లకున్న ఉక్కు తొడుగుల్ని ఉమ్ములే తినేస్తే, ఫైబర్ తొడుగులు వేయాల్సి వచ్చింది. యూరియా బస్తాలు దించే చోటు వంతెన పైన కాకుండా చూసుకోండి.

ముక్కలు దిగిన రోజు మందం కొలిచే గేజ్ తెప్పించి, లారీ మీదే ప్రతి ముక్కకు నాలుగైదు చోట్ల పెట్టించండి. 5 మి.మీ., ఆపై మందమున్న ఉక్కు మీద సగటు 85 మైక్రాన్లు రావాలి, ఎక్కడా 70కి తగ్గకూడదు. పూత పడని మచ్చలు ఒక్కోటి 10 చదరపు సెంటీమీటర్లు దాటకుండా, మొత్తం ఉపరితలంలో అర శాతం లోపు ఉంటే, ఇందాక చెప్పిన జింక్ రిచ్‌తో కనీసం 100 మైక్రాన్లు పూసి సరిచేయొచ్చు. వెండిరంగు స్ప్రే డబ్బాతో కాదు, అది అల్యూమినియం రంగు. అంతకు మించి మచ్చలుంటే ఆ ముక్క వెనక్కి పంపాల్సిందే, బిల్లు అప్పటిదాకా ఆపండి. యాంగిళ్ల మందం కొలిపించాక ఆ అంకెలు, అడుగు అతుకుల ఫోటోలు పెట్టండి. ఏవి మార్చాలి, కన్నాలు ఎక్కడ పెట్టాలి అన్నది చూసి చెప్తాను.